ఏటా ఈనే ఆవే ఆస్తి

ఆంబోతుల వేలం కేటలాగు చేతికి రాగానే చాలామంది రైతుల కళ్లు ముందు ఒకే గడి మీదికి పోతాయి. దీని దూడలు ఏడాది వయసుకి ఎంత బరువు తూగుతాయి? ఆ అంకె పెద్దదైతే ధర పెరుగుతుంది, పక్కవాళ్లు తల తిప్పి చూస్తారు, కొన్నాయన సంతోషంగా ఇంటికి వెళ్తాడు. మాంసం కోసం పశువులు పెంచే కుటుంబాల లెక్కల పుస్తకాలు చూసి సలహా చెప్పడం నా పని. నష్టం ఎక్కడ మొదలైందో వెతుకుతూ ఆ పుస్తకాల్లో వెనక్కి పోతే చాలాసార్లు ఈ గడి దగ్గరే తేలుతుంది. బరువు చూసి ఆంబోతుని కొన్నారు. దాని ఆడదూడల్ని మందలో ఉంచుకున్నారు. అవి పెరిగి తల్లులకన్నా పెద్ద ఆవులయ్యాయి. ఉన్న మేత వాటికి చాలలేదు. ఒక ఏడు ఈని, మరో ఏడు వట్టిగా నిలబడ్డాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ముప్పై నలభై ఆవుల్ని ఇంటిల్లిపాదీ చూసుకునే మందలో లాభం ఆవు దగ్గర పుడుతుంది. అది వేళకి చూలు కట్టాలి, ఉన్న మేతతో నెట్టుకురావాలి, చాలా ఏళ్లు మందలో నిలవాలి. ఏ ఆంబోతుని కొనాలి, ఏ పెయ్యదూడని ఉంచుకోవాలి అన్న నిర్ణయాలన్నీ ఆ ఆవు చుట్టూ తిరగాలి. దూడకి బరువు కావాలంటే తెచ్చుకునే దారి వేరే ఉంది, అది తర్వాత చెప్తాను.

ముందు క్యాలెండర్ చూద్దాం. ఆవు చూలు మోసేది సుమారు 283 రోజులు. ఏటా ఒకే సమయానికి ఈనాలంటే ఈనిన 82 రోజుల్లోపు మళ్లీ చూలు నిలవాలి. ఈలోగా గర్భసంచి మామూలు స్థితికి రావాలి, ఆగిపోయిన ఎద తిరిగి మొదలవ్వాలి. ఒంట్లో కండ ఉన్న ముదురు ఆవుకే దీనికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. తొలి ఈత ఈనిన పడ్డకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది పాలివ్వడంతో పాటు తాను కూడా ఇంకా పెరుగుతూనే ఉంటుంది. అంటే గడువులోపు ఆవుకి దొరికే అవకాశం ఒక ఎద, మహా అయితే రెండు. ఎద తిరిగొచ్చేది 21 రోజులకోసారి కాబట్టి ఒక్కటి తప్పితే వచ్చే ఏటి దూడ మూడు వారాలు ఆలస్యంగా పుడుతుంది. పాలు తాగే దూడ రోజుకి ముప్పావు కిలో నుంచి కిలో దాకా పెరుగుతుంది. దూడలన్నిటినీ ఒకేసారి తల్లుల నుంచి వేరుచేసి అమ్ముతారు కనుక మూడు వారాలు చిన్నదైన దూడ పదహారు నుంచి ఇరవై కిలోలు తక్కువ తూగుతుంది. ఎంత ఖరీదైన ఆంబోతుని కొన్నా ఒక్క తరంలో దూడకి అంత బరువు చేర్చడం తేలిక కాదు. అదే దూడ మూడు వారాలు ముందు పుడితే ఆ బరువు దానంతటదే వస్తుంది.

ఒక పుస్తకంలో ఒకే పేజీలో పక్కపక్కనే ఉన్న రెండు ఆవుల వరుసలు నాకు బాగా గుర్తున్నాయి. మొదటిదాని తొలి ఈత ఫిబ్రవరి చివర్లో. రెండో ఈత మార్చి మూడో వారంలో. ఆ ఏడు దాని పెయ్యదూడ మందలో అన్నిటికన్నా ఎక్కువ తూగింది, ఇంటాయన ఆ అంకె చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టాడు. మూడో ఈత ఏప్రిల్ చివర. ఆ పక్క గడిలో పెన్సిల్‌తో ఒక అడ్డగీత, అంతే: ఆ ఏడు అది ఈనలేదు. దాని పక్క ఆవు ఏ ఏడూ ఫిబ్రవరి దాటలేదు. దాని దూడలు ఎప్పుడూ నడిమి బరువే, ఎర్రసిరా దాని జోలికి రాలేదు. వరుసల కింద కిలోలు కూడి చూస్తే రెండో ఆవు ఒక దూడకి పైగా ఎక్కువే ఇచ్చింది. కానీ మందలో పెంచుకోవడానికి ఇంటాయన ఉంచుకున్నది ఎర్రసున్నా ఉన్న పెయ్యదూడని. వేళ తప్పే గుణాన్ని ఏరికోరి మందలోకి తెచ్చుకున్నట్టయింది.

ఈ మాట నాకు కొత్తగా తట్టింది కాదు. 1977లో ట్రెంకిల్, విల్హామ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. దూడల్ని పుట్టించి అమ్మే రైతుకి ఆర్థికంగా చూస్తే పునరుత్పత్తి, పెరుగుదలకన్నా ఐదింతలు, మాంసం నాణ్యతకన్నా పదింతలు ముఖ్యమని వాళ్ల అంచనా. తర్వాత వచ్చిన లెక్కల్లో ఆ నిష్పత్తులు అటూ ఇటూ మారాయి గానీ వరుస క్రమం మారలేదు. 2013లో అచ్చయిన మరో అధ్యయనంలో అమెరికా పరిశోధకులు, తొలి ఈత సీజనులో మొదటి 21 రోజుల్లోనే ఈనిన పడ్డల్ని చాలా ఏళ్లు వెంబడించి చూశారు. అవి మిగతావాటికన్నా ఎక్కువకాలం మందలో నిలిచాయి, ఆరు ఈతలు పూర్తయ్యేసరికి ఒక్కోటీ ఒక అదనపు దూడకి సమానమైన బరువు ఇచ్చాయి. ఒక పడ్డ మొదటిసారి ఏ వారంలో ఈనిందో చూస్తే దాని జీవితకాలపు సంపాదన చాలావరకు తెలిసిపోతుందన్నమాట.

ఇక్కడ చదువుకున్న రైతులు ఒక అభ్యంతరం చెప్తారు, అది న్యాయమైనదే. చూలు కట్టే గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకి పెద్దగా రాదు కదా, మరి దాన్ని చూసి ఎంపిక చేస్తే ఒరిగేదేముంది? నిజమే. ఆవుకీ ఆవుకీ మధ్య కనిపించే బరువు తేడాలో పాతిక నుంచి నలభై శాతం జన్యువులది. మాంసం గుణాల్లో అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. చూలు కట్టడంలో తేడాలకి జన్యువుల వాటా చాలావరకు పది శాతం లోపే. మిగతాది మేత, వాతావరణం, ఆరోగ్యం, ఆంబోతు. ఈ అంకెలు చూసి, తేలిగ్గా మారేదాన్నే మారుద్దామని బరువు వెంటపడతారు. సరిగ్గా ఇక్కడే దారి తప్పుతారు. ఎంపికకి లొంగని గుణాలు సంకరానికి బాగా లొంగుతాయి. ఒక గుణంలో వారసత్వపు వాటా తక్కువైన కొద్దీ, రెండు వేరు జాతుల్ని కలిపినప్పుడు సంతతికి వచ్చే అదనపు బలం, అంటే సంకర ఓజస్సు, దానిలో ఎక్కువగా కనిపిస్తుంది.

అమెరికాలోని నెబ్రాస్కాలో హియర్‌ఫోర్డ్, ఆంగస్, షార్ట్‌హార్న్ అనే బ్రిటిష్ జాతులతో దశాబ్దాలపాటు జరిగిన ప్రయోగాలు దీన్ని లెక్క కట్టి చూపాయి. ఆంబోతు దగ్గరికి పంపిన ప్రతి ఆవు తలకీ, పాలు మాన్పించే నాటికి చేతికొచ్చిన దూడ బరువుని కొలతగా తీసుకున్నారు. ఈ కొలత నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇందులో వట్టిపోయిన ఆవూ లెక్కకొస్తుంది, చచ్చిపోయిన దూడా లెక్కకొస్తుంది. ఏదీ దాక్కోవడానికి వీల్లేదు. ఆ కొలతలో సంకర మంద శుద్ధజాతి మందకన్నా దాదాపు 23 శాతం ఎక్కువిచ్చింది. ఆ లాభంలో దూడ సంకరమైనందువల్ల వచ్చింది మూడింట ఒక వంతే. తల్లి సంకరమైనందువల్ల వచ్చింది మిగతా రెండు వంతులు. సంకర ఆవులు ఏడాదికి పైగా ఎక్కువకాలం మందలో బతికాయి కూడా. బ్రిటిష్ జాతి ఆవుకీ మూపురం ఉన్న జాతికీ పుట్టిన ఆవుల్లో, ముఖ్యంగా వేడి ప్రాంతాల్లో, ఈ లాభం ఇంకా పెద్దది.

ఇంత లాభం పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నా చాలా కుటుంబాలు ఒకే జాతిని, ఒకే రంగుని పట్టుకుని తరాలు గడుపుతాయి. దూడలన్నీ ఒకేలా ఉంటే సంతలో చూపుకి బాగుంటుందన్నది ఒక కారణం. తాతలనాటి నుంచి ఈ జాతే అన్న అభిమానం ఇంకో కారణం. ఆ అభిమానాన్ని నేను తక్కువ చేయను. శుద్ధజాతి మందలు ఎవరో ఒకరు నిలపకపోతే సంకరానికి ముడిసరుకే ఉండదు. అమెరికాలోని మోంటానాలో ఫోర్ట్ కియో పరిశోధన క్షేత్రంలో 1934లో మొదలుపెట్టిన లైన్ 1 హియర్‌ఫోర్డ్ మంద అలా బయటి రక్తం కలపకుండా నిలిపిందే. 2009లో ప్రపంచం ముందుకొచ్చిన పశువు జన్యుపటం ఆ మందలోని ఎల్1 డోమినెట్ అనే ఆవుది. అలాంటి పని చేసేవాళ్లకి దానికి తగ్గ నిధులూ మనుషులూ ఉంటారు. దూడల్ని అమ్ముకుని ఇల్లు నడుపుకునే కుటుంబం ఆ భారాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

ఎంపిక అసలు పనికిరాదని కూడా నేను అనను. అమెరికా పశువుల రైతు టామ్ లాసేటర్ ఉదాహరణ చూడండి. 1930లో తండ్రి పోయాక టెక్సస్‌లో మంద ఆయన చేతికొచ్చింది. మూపురం ఉన్న బ్రాహ్మన్ జాతిని, హియర్‌ఫోర్డ్‌ని, షార్ట్‌హార్న్‌ని మూడింటినీ కలిపి, ఆరే ఆరు గుణాలు పెట్టుకున్నాడు: నెమ్మది, చూలు కట్టడం, బరువు, శరీర నిర్మాణం, కష్టాన్ని తట్టుకోవడం, పాలు. రంగు, కొమ్ము, ముఖం మీద మచ్చ, వేటినీ పట్టించుకోలేదు. పడ్డ రెండేళ్లకి ఈనాలి, ఆ తర్వాత ఏటా దూడనివ్వాలి, లేదంటే మందలోంచి పోవాలి. అలా తయారైన బీఫ్‌మాస్టర్‌ని 1954లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రత్యేక జాతిగా గుర్తించింది. ఆయన వాడిన బ్రాహ్మన్‌లో మన ఒంగోలు రక్తం ఉంది, గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ పశువులతో పాటు.

ఒంగోలు మాటొచ్చింది కాబట్టి బ్రెజిల్ సంగతీ చెప్పాలి. అక్కడ నెలోర్ పేరుతో పెరిగేది ఒంగోలు సంతతే, ఆ దేశపు మాంసపు మందల్లో అత్యధిక భాగం అదే. ఎండకీ పిడుదులకీ ఓర్చుకుంటుంది, గరుకు గడ్డి తిని బతుకుతుంది. లోపమల్లా ఆలస్యంగా ఎదకు రావడం. తొలి ఈత మూడేళ్లు దాటాకే అన్నది అక్కడ మామూలు మాటగా ఉండేది. కొందరు బ్రీడర్లు పడ్డలన్నిటినీ 14 నెలల వయసులోనే ఆంబోతు దగ్గరికి వదలడం మొదలుపెట్టారు. ఎక్కువభాగం కట్టలేదు. కట్టిన కొద్దిపాటి పడ్డల కుటుంబాల్ని ముందుకు తెచ్చారు. 14 నెలలకి చూలు నిలవడం అన్న గుణం నెలోర్‌లో ఊహించినదానికన్నా చాలా బలంగా తల్లిదండ్రుల నుంచి వస్తుందని తేలింది. అందరినీ ఆలస్యంగా పరీక్షిస్తే అందరూ పాసైపోతారు, తేడా బయటపడదు. గడువు బిగిస్తే జన్యువు కనిపిస్తుంది. చూలు కట్టడంలో వారసత్వం తక్కువ అని చేతులెత్తేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

ఆంబోతు వైపు నుంచి కూడా ఒక పట్టు ఉంది. ఏడాది కోడె వృషణాల్ని మెల్లగా కిందికి జార్చి పట్టుకుని, అన్నిటికన్నా లావైన చోట టేపు చుట్టి చూస్తారు. 15 నెలలలోపు కోడెకి 30 సెంటీమీటర్లు కనీసం ఉండాలన్నది అమెరికా పశువైద్యులు వాడే హద్దు. ఈ కొలత బలంగా వారసత్వంగా వస్తుంది. పైగా కొలత పెద్దగా ఉన్న ఆంబోతు కూతుళ్లు త్వరగా ఎదకొస్తాయి. కొలిచేది కొడుకుని, తెలిసేది కూతురి సంగతి. నిమిషం పట్టని పని. అయినా కొనేముందు ఈ అంకె అడిగేవాళ్లు బరువు అడిగేవాళ్లలో సగం కూడా ఉండరు. ఒక్క ఆంబోతు మీదే మందంతా ఆధారపడిన ఇంట్లో వీర్య పరీక్ష చేయించకపోవడం ఇంకా పెద్ద సాహసం. అది ఆ ఏడు పనికిరాకపోతే తెలిసేసరికి సీజను అయిపోతుంది.

ఇప్పుడు ఆవు సైజు. దీని మీద గొడవలు ఎక్కువ, ఎందుకంటే పెద్ద ఆవు కంటికి నిండుగా ఉంటుంది. ఒంటిని నిలబెట్టుకోవడానికి కావాల్సిన మేత బరువుతో పాటు పెరుగుతుంది గానీ అదే నిష్పత్తిలో కాదు, కాస్త నెమ్మదిగా. బరువుని 0.75 ఘాతానికి పెంచి లెక్కిస్తారు. 500 కిలోల ఆవుతో పోలిస్తే 650 కిలోల ఆవుకి దాదాపు 22 శాతం ఎక్కువ మేత కావాలి. వంద చిన్న ఆవుల్ని మేపే పచ్చిక మీద పెద్దవి 82 మాత్రమే నిలుస్తాయి. వంద ఆవుల దూడలు తలకి 220 కిలోలు తూగుతున్నాయనుకుందాం. 82 ఆవులు అంతే మొత్తం బరువు ఇవ్వాలంటే ఒక్కో దూడ 268 కిలోలు తూగాలి. అంటే 48 కిలోలు ఎక్కువ. పెద్ద ఆవు దూడ కొంచెం బరువుగానే ఉంటుంది, కానీ నేను చూసిన ఏ మందలోనూ ఆ తేడా ఇందులో సగానికి కూడా చేరలేదు. పైగా చాలా సంతల్లో దూడ బరువెక్కే కొద్దీ కిలో ధర తగ్గుతుంది. గొడ్డుమాంసం ఉత్పత్తి మొత్తంలో ఖర్చయ్యే మేతలో సగానికి అటూ ఇటూ కేవలం తల్లి ఆవుల్ని బతికించి ఉంచడానికే పోతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

పెద్ద ఆవుని ముసలిదయ్యాక అమ్మితే ఎక్కువ డబ్బొస్తుంది కదా అంటారు. వస్తుంది. అది ఒక్కసారి వచ్చే డబ్బు. మేత ఖర్చు రోజూ అయ్యేది.

పాల విషయమూ ఇలాంటిదే. పాలెక్కువిచ్చే ఆవు దూడ బాగా పెరుగుతుంది, కానీ ఆ ఆవుకి పాలివ్వని రోజుల్లో కూడా మేత ఎక్కువే కావాలి, ఎందుకంటే దాని కాలేయం, పేగులు ఆ స్థాయిలో పనిచేసేలా తయారై ఉంటాయి. నెబ్రాస్కాలోని క్లే సెంటర్‌లో జెంకిన్స్, ఫెరెల్ అనే శాస్త్రవేత్తలు తొమ్మిది జాతుల ఆవుల్ని వేర్వేరు మోతాదుల మేత మీద ఏళ్ల తరబడి ఉంచి చూశారు. 1994లో వచ్చిన ఆ ఫలితాలు నేను ప్రతి రైతుకీ చెప్తుంటాను. మేత దండిగా ఉన్నప్పుడు భారీగా పెరిగే యూరప్ జాతులు ముందున్నాయి. మేత తగ్గించగానే అవే వెనకబడ్డాయి, చూలు కట్టడం మానేశాయి, మధ్యస్థపు ఆవులు ముందుకొచ్చాయి. కాబట్టి ఏది మంచి జాతి అని నన్నడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: మీ పొలం ఏటా ఎంత గడ్డి ఇస్తుంది, అందులో ఎన్ని నెలలు పచ్చిగా ఉంటుంది?

ఈ ప్రశ్న వదిలేసి ప్రదర్శనల్లో గెలిచే పశువు వెంటపడితే ఏమవుతుందో చరిత్రలో రెండుసార్లు కనిపించింది. 1950ల నాటికి అమెరికాలో ఛాంపియన్ ఆంబోతులు మనిషి నడుం బెల్టు ఎత్తుకి వచ్చేశాయి. పొట్టిగా, లావుగా, నేలకి దగ్గరగా ఉండటమే అందం. ఆ పొట్టితనం కోసం దగ్గరి రక్తాన్ని కలుపుకుంటూ పోతే హియర్‌ఫోర్డ్, ఆంగస్ మందల్లో మరుగుజ్జు దూడలు పుట్టడం మొదలైంది. ఉబ్బిన నుదురు, గురకలాంటి ఊపిరి, కొద్దికాలానికే చావు. పేరున్న వంశాలు రాత్రికి రాత్రి విలువ పోగొట్టుకున్నాయి. తర్వాత లోలకం అటు చివరికి ఊగింది. 1980లకి అవే ప్రదర్శనల్లో గెలిచినవి మనిషి భుజాన్ని దాటే పొడుగుకాళ్ల పశువులు. కండ పట్టడం ఆలస్యం, ఎద ఆలస్యం, మేతకి అంతు లేదు. రెండుసార్లూ మూల్యం చెల్లించింది ఆంబోతుల్ని అమ్మినవాళ్లు కాదు, కొని తమ ఆవుల మీద వాడుకున్న చిన్న కుటుంబాలు. ఇప్పుడు ఎత్తు ఫ్యాషన్ తగ్గింది గానీ కేటలాగులో ఏడాది బరువు అంకె పెరుగుతూనే ఉంది, దాని వెంటే ఆవుల బరువూ పెరుగుతోంది. దీన్ని మూడో ఊగుడు అనడానికి నాకు సందేహం లేదు.

మరి దూడకి బరువు ఎలా? ఆంబోతులకి రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి మందకి రేపటి తల్లుల్నివ్వడం. రెండోది సంతకి పోయే దూడల్నివ్వడం. మొదటి పనికి మధ్యస్థపు సైజు, త్వరగా ఎదకొచ్చే వంశం, మంచి పొదుగు, నెమ్మది కావాలి. రెండో పనికి ఎదుగుదల, కండ కావాలి, దాని కూతుళ్లు ఎలాంటి తల్లులవుతాయన్న బెంగ అక్కర్లేదు, ఎందుకంటే ఒక్కటీ మందలో ఉండదు. షరోలే జాతి లాంటి కండబలమున్న ఆంబోతుని మధ్యస్థపు సంకర ఆవుల మీద వాడి దూడలన్నిటినీ అమ్మేస్తే, చిన్న తల్లి మేత ఖర్చుతో పెద్ద దూడ చేతికొస్తుంది. ఈ రెండు పనుల్నీ ఒకే ఆంబోతు చేత చేయించాలన్న ఆశే చిన్న మందల్ని పాడుచేస్తోందని నా గట్టి అభిప్రాయం.

పాతిక ముప్పై ఆవులకి ఒకటే ఆంబోతు చాలు, రెండు ఎక్కడ పెంచం అంటారు. ఆ ఇబ్బంది నిజమైనదే. పుస్తకాల్లో రాసే సంకర పద్ధతులు చాలావరకు పెద్ద మందలకి రాసినవి. రెండు జాతుల్ని మార్చి మార్చి వాడితే సంకర ఓజస్సులో 67 శాతం, మూడింటితో 86 శాతం నిలుస్తుందంటారు గానీ, దానికి రెండు మూడు ఆంబోతులు, అన్ని కంచెలు, ఏ ఆవు ఎటు పోవాలో రాసుకునే ఓపిక కావాలి. చిన్న మందకి తేలికైనవి వేరే ఉన్నాయి. నాలుగు జాతుల్ని కలిపి స్థిరపరిచిన మిశ్రమజాతి ఆంబోతుల్నే వాడుకుంటే శుద్ధజాతి మందలాగే నడుపుకోవచ్చు, ఓజస్సులో 75 శాతం దాకా నిలుస్తుంది. లేదంటే సొంత పెయ్యదూడల్ని అసలు ఉంచుకోకుండా, నమ్మకమైన మంద నుంచి సంకర పడ్డల్ని చూలుతో కొనుక్కుని, ఇంట్లో కండ ఆంబోతుని ఒక్కదాన్నే వాడుకోవచ్చు. మూడోది, ఎద మందులిచ్చి ఆవులన్నిటినీ ఒకేరోజు కృత్రిమ గర్భధారణ చేయించి, అందుకు మంచి తల్లుల్నిచ్చే వంశపు ఆంబోతు వీర్యం వాడి, కట్టనివాటికి ఇంటి ఆంబోతుని వదలడం. నన్నడిగితే మనుషుల కొరత ఉన్న ఇంటికి రెండోదే మేలు. సొంత పెయ్యని అమ్మేయడం మనసుకి కష్టమే. కానీ ఒక పడ్డని పెంచి ఆవుని చేయడానికి అయిన ఖర్చు తిరిగి రావాలంటే అది సాధారణంగా ఐదారు దూడలివ్వాలి. తమ మందలో ఎన్ని పడ్డలు ఆ గీత దాటుతున్నాయో ఎవరి పుస్తకంలో వాళ్లు చూసుకుంటే నిర్ణయం తేలికవుతుంది.

కేటలాగు అంకెల్ని నేను కొట్టిపారేయడం లేదు. వందల వేల బంధువుల కొలతల్ని కలిపి, మేత, ఊరు, సీజను తేడాల్ని విడదీసి ఒక పశువు జన్యు విలువని అంచనా వేసే గణితం అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ హెండర్సన్ అనే శాస్త్రవేత్త ఇచ్చింది. పశువుని కళ్లతో చూసి చెప్పేదానికన్నా అది ఎన్నో రెట్లు నమ్మదగినది. నేను చెప్పేది, ఏ అంకెని ముందు చూడాలన్నది. పడ్డలకి కట్టే ఆంబోతులో సులువుగా ఈనే అంకె ముందు చూడాలి, ఎందుకంటే తొలి ఈతలో కష్టానికి మొదటి కారణం దూడ పుట్టుక బరువు. కష్టంగా ఈనిన పడ్డ మళ్లీ ఎదకి ఆలస్యంగా వస్తుంది, అలా మొదటి ఏడాది తప్పు రెండో ఏడాదికి పాకుతుంది. తర్వాత కూతుళ్ల చూలు అంకె, ఆవు పెద్దయ్యాక బరువు అంకె చూడాలి. ఈ చివరిది చిన్నగా ఉండాలి. అన్నిటినీ కలిపి డబ్బు రూపంలో చెప్పే సూచీలు కూడా రెండు రకాలు: తల్లి మందకి ఒకటి, అమ్ముడు దూడలకి ఒకటి. రెండోదాన్ని చూసి కొన్న ఆంబోతు కూతుళ్లని మందలో ఉంచుకోవడమే నేను ఎక్కువగా చూసే పొరపాటు. ఒకే ప్రసిద్ధ ఆంబోతు వెంట అందరూ పడటంలో ఇంకో ప్రమాదం దాగుంటుంది. 2008లో ఆంగస్ మందల్లో వంకర కాళ్లూ వెన్నుతో చచ్చిపుట్టే దూడల లోపం బయటపడినప్పుడు, వీర్యం విపరీతంగా అమ్ముడుపోయిన ఒక వంశం ద్వారా అది ఎక్కడెక్కడికి చేరిందో చూసి జాతి మొత్తం ఉలిక్కిపడింది. అదృష్టవశాత్తూ దానికి పరీక్ష త్వరగా వచ్చింది.

ఏ అంకె చెప్పనివి కొన్ని కళ్లతోనే చూడాలి. ఆవు ఈనిన రోజు పొద్దున్నే దాని వెనక కూర్చుని పొదుగు చూడండి. చన్నులు సీసాల్లా ఉబ్బి, పొదుగు మోకాలి కిందికి వేలాడుతుంటే, కాళ్ల మీద నిలబడటమే రాని దూడ మూతి పైకెత్తి తల్లి డొక్క దగ్గర వెతుకుతుంటుంది. కింద ఉన్న చన్ను దానికి దొరకదు, దొరికినా నోట్లో పట్టదు. మొదటి కొన్ని గంటల్లో జున్నుపాలు తాగకపోతే రోగాన్ని తట్టుకునే శక్తి దానికి రాదు. చీకట్లో ఎవరో ఒకరు వెళ్లి ఆవుని కట్టేసి, పాలు పిండి, దూడకి పట్టాలి. పెద్ద కంపెనీ క్షేత్రంలో దానికి జీతగాళ్లుంటారు. కుటుంబపు మందలో ఆ ఎవరో ఒకరు అమ్మో, నాన్నో, బడికి పోవాల్సిన పిల్లవాడో. అందుకే నేను పొదుగు, గిట్టలు, నెమ్మదితనం లాభపు గుణాలే అంటాను. పొగరుబోతు ఆవు ఇంటి మనుషుల్ని గాయపరుస్తుంది. అంతేకాదు, బెదురు పశువులు నెమ్మదైనవాటికన్నా తక్కువ పెరుగుతాయి కూడా, ఈ గుణం సంతతికి బాగానే వస్తుంది.

ఇదంతా చేసినా, ఈనే కాలం గడ్డితో కలవకపోతే ఎంపికలన్నీ నీరుగారిపోతాయి. నెబ్రాస్కా శాండ్‌హిల్స్‌లోని గుడ్‌మండ్‌సన్ క్షేత్రంలో మార్చిలో ఈనే మందనీ జూన్‌లో ఈనే మందనీ పక్కపక్కనే నడిపి చూశారు. జూన్ మందకి పెట్టాల్సిన ఎండుగడ్డి బాగా తగ్గిపోయింది, ఎందుకంటే ఆవుకి ఎక్కువ ఆకలి ఉండే రోజులూ పచ్చిక ఏపుగా ఎదిగే రోజులూ ఒక్కటయ్యాయి. దూడలు కొంచెం తేలికగా అమ్ముడయ్యాయి. అయినా ఖర్చు అంతకన్నా ఎక్కువగా తగ్గింది.

గడ్డికి తగ్గ కాలం పెట్టుకున్నాక, ఆంబోతుని మందలో రెండు నెలలకి మించి ఉంచకూడదని నేను పట్టుబడతాను. పడ్డలకైతే నెలన్నర చాలు. ఆ తర్వాత డాక్టరుని పిలిచి చూలు పరీక్ష చేయించి, వట్టిగా ఉన్నవాటిని శీతాకాలపు మేత మొదలవకముందే అమ్మేయాలి. ఈ మాట దగ్గర ఇంట్లో వాదన మొదలవుతుంది. "ఇది చాలా మంచి ఆవండీ, ఈ ఒక్క ఏడే తప్పింది, కాస్త దాణా పెడితే కడుతుంది." కడుతుంది, నిజమే. దాణా పెడితే చాలా ఆవులు కడతాయి. ఆ దాణా లేకుండా కట్టేవి మందలో ఏవో తెలియాలన్నదే కదా ఇంత ప్రయత్నం. తొలి ఈత తర్వాత రెండోసారి కట్టని పడ్డ విషయంలో నేను ఒక్క మినహాయింపు మాత్రం ఇస్తాను. ఈనే నాటికి అది ఎముకలు తేలి ఉంటే తప్పు దాని మేతది, అంటే మనది. 1 నుంచి 9 దాకా కొలిచే ఒంటి కండ స్కోరులో అది ఈనే రోజుకి 5 లేదా 6 దగ్గర ఉండాలి. ఆ స్కోరు మీద ఉండి, తోటి పడ్డలన్నీ కట్టినా అది కట్టలేదంటే, దాని తల్లి ఎంత పేరున్నదైనా సరే, దాన్ని వచ్చే సంతకి పంపేయమనే చెప్తాను.